ముందు ఎవరికి వారు, ఆ తర్వాత అందరూ

విజయవాడ నుంచి మైలవరం మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దుకు ముందు వచ్చే పట్టణం తిరువూరు. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. చుట్టూ మామిడి తోటలు, పత్తి, మిర్చి, మొక్కజొన్న. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు ఇది చివరి ఆయకట్టు. పైవాళ్లకు సరిపోగా మిగిలితేనే ఇక్కడికి నీళ్లు. పక్కనున్న ఎ.కొండూరు మండలం తండాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బులు మనుషుల్ని తీసుకుపోతున్నాయి. చదువుకున్న పిల్లలు హైదరాబాదో బెంగళూరో వెళ్లిపోతున్నారు.

ఇలాంటి చోట 2047 నాటికి మన ప్రాంతం ఎలా ఉండాలి అన్న ప్రశ్న ఇప్పుడు ప్రభుత్వమే అడుగుతోంది. స్వర్ణాంధ్ర-2047 విజన్ పత్రం 2024 డిసెంబరు 13న విడుదలైంది. దాని కోసం జనం అభిప్రాయాలను ఆన్‌లైన్‌లో సేకరించారు. మరుసటి ఏడాది రాష్ట్రంలోని 175 నియోజకవర్గాలకూ విడివిడిగా విజన్ ప్రణాళికలు వేసే పని మొదలైంది. అంతకుముందు 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతటా 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఇంతమందిని ఇంత పెద్ద ప్రశ్న అడగడం చిన్న విషయం కాదు. అయితే అడిగే పద్ధతిని బట్టే జవాబులు వస్తాయి. మనుషులు గుంపుగా కూర్చుని కొత్త ఆలోచన చేయడం ఎప్పుడు సాధ్యమవుతుంది, ఎప్పుడు కాదు అన్నదాని మీద 70 ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. మన సభలు నడిపేవాళ్లకు అది ఇంకా చేరలేదు.

గ్రామసభ ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. షామియానా కింద ముందు వరసలో కుర్చీలు, వాటి ముందు బల్ల, మైకు. పంచాయతీ కార్యదర్శి అజెండా చదువుతారు. సర్పంచి మాట్లాడతారు. "ఎవరికైనా ఏమైనా చెప్పేదుంటే చెప్పండి" అని మైకు జనం వైపు వస్తుంది. మొదట లేచేది ఎప్పుడూ లేచే మనిషే. ఆయన సీసీ రోడ్డు అడిగితే, తర్వాత లేచినవాళ్లు కూడా రోడ్డు, సైడు కాలువ, వీధి లైటు అడుగుతారు. వెనక నిలబడ్డ ఆడవాళ్లలో ఒకామె ఏదో అనబోయి, పక్కామె చెవిలో చెప్పి ఊరుకుంటుంది. రిజిస్టరులో సంతకాలు పడతాయి. సభ అయిపోతుంది. వచ్చినవాళ్లలో తెలివిగలవాళ్లు లేరని కాదు. వాళ్ల తలల్లో ఉన్నది బయటికి వచ్చే దారి ఆ సభలో లేదు.

ఆస్బోర్న్ చెప్పినదీ, యేల్‌లో తేలినదీ

మేధోమథనం అని మనం పిలిచే పద్ధతికి ఒక రూపం ఇచ్చినవాడు అమెరికాలోని బీబీడీఓ ప్రకటనల సంస్థ భాగస్వామి అలెక్స్ ఆస్బోర్న్. 1953లో వచ్చిన 'అప్లైడ్ ఇమాజినేషన్' అనే పుస్తకంలో ఆయన నాలుగు నియమాలు పెట్టాడు. వచ్చిన ఆలోచనను అప్పటికప్పుడు తప్పుపట్టకూడదు. ఎంత వింత ఆలోచనైనా చెప్పనివ్వాలి. ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచిది. ఒకరి ఆలోచన మీద ఇంకొకరు కట్టుకుంటూ పోవాలి. ఇలా చేస్తే మామూలు మనిషి ఒంటరిగా ఉన్నప్పటికంటే గుంపులో రెట్టింపు ఆలోచనలు చేస్తాడని ఆయన నమ్మాడు. ప్రపంచమంతా కంపెనీలు, కాలేజీలు, ప్రభుత్వ శాఖలు ఆ మాటను పట్టుకున్నాయి.

అయిదేళ్లకే, 1958లో, యేల్ విశ్వవిద్యాలయంలో డోనాల్డ్ టేలర్, పాల్ బెర్రీ, క్లిఫర్డ్ బ్లాక్ దీన్ని పరీక్షించారు. కొందరిని నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టి, అంతే మందిని విడివిడిగా కూర్చోబెట్టి, రెండు రకాలవాళ్లకూ అవే సమస్యలు, అంతే సమయం ఇచ్చారు. విడిగా కూర్చున్న నలుగురి కాగితాలను తర్వాత కలిపి, ఒకటే ఆలోచన రెండుసార్లు వస్తే ఒకటిగా లెక్కేసి, జట్టు చేసిన దానితో పోల్చారు. విడిగా ఆలోచించినవాళ్ల జాబితా దాదాపు రెట్టింపు వచ్చింది. ఆస్బోర్న్ అన్నదానికి సరిగ్గా తలకిందులు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎన్నో చోట్ల ఇదే ప్రయోగం చేశారు, దాదాపు ప్రతిసారీ ఇదే ఫలితం.

ఎందుకలా? సిగ్గు, భయం ఒక కారణం కావచ్చు. నేను చెప్పకపోయినా ఎవరో చెబుతారులే అన్న బద్ధకం ఇంకో కారణం కావచ్చు. ఈ రెండూ కొంత నిజమే. కానీ అసలు కారణం వేరే అని జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబ 1987లో చేసిన ప్రయోగంలో తేలింది. వాళ్లు నలుగురిని నాలుగు గదుల్లో కూర్చోబెట్టారు. ప్రతి గదిలో ఎర్ర, పచ్చ దీపాలు పెట్టారు. ఒక గదిలో మనిషి మాట్లాడుతుంటే మిగతా గదుల్లో ఎర్ర దీపం వెలుగుతుంది. ఆయన ఆపాకే మిగతావాళ్లు నోరు విప్పాలి. ఎవరి మొహం ఎవరికీ కనపడదు. ఒక ఏర్పాటులోనైతే మిగతావాళ్ల మాటలు కూడా వినపడవు, దీపం ఒక్కటే. అంటే నవ్వుతారన్న భయానికి చోటు లేదు. అయినా ఆలోచనల సంఖ్య గుంపులో పడిపోయినట్టే పడిపోయింది. దీపం తీసేసి ఎప్పుడు కావాలంటే అప్పుడు మాట్లాడమంటే మళ్లీ పెరిగింది.

కాబట్టి గుంపులో ఆలోచన ఆగిపోవడానికి ముఖ్య కారణం వంతు కోసం ఎదురుచూడటం. ఎదుటివారు మాట్లాడుతున్నంతసేపూ మన ఆలోచనను మరిచిపోకుండా పట్టుకుని ఉండాలి. పట్టుకుని ఉన్నంతసేపూ మనసు రెండో ఆలోచన వైపు కదలదు. ఈలోపు వాళ్లు చెప్పినది విని, మనది చెప్పదగ్గది కాదేమో అని వదిలేస్తాం. సభలో నలుగురుంటేనే ఇంత నష్టముంటే, రెండు వందల మందికి ఒక్క మైకు ఉన్న చోట ఎంత పోతోందో ఊహించుకోవచ్చు.

దీనికి తోడు ఒక భ్రమ ఉంది. 1992లో స్ట్రోబ బృందమే గుంపులో పాల్గొన్నవాళ్లను అడిగి చూసింది. గుంపులో కూర్చున్నవాళ్లు తమకు ఎక్కువ ఆలోచనలు వచ్చాయని గట్టిగా నమ్మారు. ఇతరులు చెప్పినవాటిలో కొన్ని తమకే తట్టాయని కూడా అనుకున్నారు. అందుకే సభ అయ్యాక "చర్చ బాగా జరిగింది" అన్న తృప్తితో ఇంటికి వెళతాం, పోగొట్టుకున్నదేమిటో ఎవరికీ కనపడదు.

దీన్నిబట్టి గుంపు దండగ అని తేల్చేస్తే పొరపాటు. 2010లో కరణ్ గిరోత్రా, క్రిస్టియన్ టెర్వీష్, కార్ల్ ఉల్రిక్ అనే ముగ్గురు పరిశోధకులు రెండింటినీ కలిపి చూశారు. మొదట కొంతసేపు ఎవరికి వారు ఆలోచించి రాసుకోవాలి, తర్వాత జట్టుగా కూర్చోవాలి. మొదటి నుంచీ గుంపుగా కూర్చున్న జట్లకంటే వీళ్లకు ఆలోచనలు ఎక్కువ వచ్చాయి, మేలైనవి వచ్చాయి, పైగా వచ్చినవాటిలో ఏది మేలైనదో గుర్తించడం కూడా బాగా చేతనైంది. వరస మారిస్తే సరిపోయింది.

మన సంగతికి ఇది నేరుగా తగులుతుంది. ఆన్‌లైన్ అభిప్రాయ సేకరణలో ఎవరికి వారు ఆలోచించే సగం ఉంది, కలిసి కూర్చునే సగం లేదు. తిరువూరు రైతు టైపు చేసిన మాట, గంపలగూడెం టీచరు టైపు చేసిన మాట ఒకదాన్నొకటి ఎప్పుడూ కలుసుకోవు. పైన ఎవరో వాటిని లెక్కపెట్టి పట్టిక చేస్తారు. గ్రామసభలో కలిసి కూర్చునే సగం ఉంది, విడిగా ఆలోచించే సగం లేదు. రెండూ ఉన్నాయి కానీ అతుకు పడలేదు.

ఎవరి నోరు, ఎవరి మాట

అమెరికాలో అనితా వూలీ బృందం 2010లో 699 మందిని ఇద్దరు మొదలు అయిదుగురి దాకా జట్లుగా చేసి రకరకాల పనులు చేయించింది. జట్టులో బాగా తెలివైనవాళ్లుంటే జట్టు బాగా చేస్తుందా? పెద్దగా సంబంధం కనపడలేదు. ఒకరి మనసులో ఏముందో మొహం చూసి పసిగట్టే గుణం సభ్యుల్లో ఎంత ఉంది, మాట్లాడే వంతు అందరికీ సమానంగా వచ్చిందా అన్నవి ఎక్కువ పనిచేశాయి. ఒకరిద్దరే మాట్లాడిన జట్లు వెనకబడ్డాయి. ఆడవాళ్లు ఎక్కువున్న జట్లు ముందున్నాయి, దానికి ఆ పసిగట్టే గుణమే చాలావరకు కారణమని వాళ్లు తేల్చారు.

ఇది మన దగ్గర ఎలా ఉందో కూడా చూసినవాళ్లున్నారు. పారొమితా సన్యాల్, విజయేంద్రరావు అనే పరిశోధకులు నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లో దాదాపు 300 గ్రామసభల మాటలను రికార్డు చేసి, అక్షరం అక్షరం రాయించి చదివారు. ఆ నాలుగింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. విజయేంద్రరావు మరో బృందంతో కలిసి తమిళనాడు సభల మీద 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఆడవాళ్లు సభకు వస్తున్నా మాట్లాడే అవకాశం తక్కువని, మాట్లాడినా చర్చ వాళ్లు ఎత్తిన విషయం మీద నిలవడం తక్కువని, అధికారుల నుంచి జవాబు రావడం ఇంకా తక్కువని చూపించారు. పంచాయతీ అధ్యక్ష పదవిలో మహిళ ఉన్న చోట మాత్రం వాళ్ల మాటకు జవాబు దొరికే అవకాశం పెరిగింది. సభ ఎవరు నడుపుతున్నారన్నది ఎవరు మాట్లాడతారన్నదాన్ని మారుస్తుంది.

వంతు సమానంగా రావాలంటే చిన్న పద్ధతులు చాలు. ఆండ్రే డెల్బెక్, ఆండ్రూ వాన్ డి వెన్ 1971లో ప్రతిపాదించిన పద్ధతి నాకు మన సభలకు అన్నిటికంటే పనికొచ్చేదిగా కనిపిస్తుంది. ప్రశ్న చెప్పి, పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా తమ ఆలోచనలు రాసుకుంటారు. తర్వాత వరసగా ఒక్కొక్కరు ఒక్కొక్క ఆలోచన మాత్రమే చెబుతారు, అది గోడమీది చార్టు మీద ఎక్కుతుంది. ఒకరు పది చెప్పేసి కూర్చోవడానికి వీల్లేదు. అందరివీ అయిపోయేదాకా చుట్టు తిరుగుతూనే ఉంటుంది. తర్వాత అర్థం కానివి అడిగి తెలుసుకుంటారు. చివరికి ఎవరికి వారు రహస్యంగా తమకు ముఖ్యమనిపించినవాటికి ఓటు వేస్తారు. జర్మనీలో బెర్ండ్ రోర్బాహ్ 1968లో చెప్పింది దీనికి దగ్గరిదే. ఆరుగురు కూర్చుని, తలా మూడు ఆలోచనలు అయిదు నిమిషాల్లో రాసి, కాగితం పక్కవాళ్లకు ఇస్తారు. వాళ్లు అది చదివి ఇంకో మూడు రాస్తారు. అరగంటలో 108 ఆలోచనలు, ఎవరూ ఎవరి వంతు కోసమూ ఆగక్కర్లేదు.

చదువు రానివాళ్ల సంగతి ఏమిటని ఎవరైనా అడగొచ్చు. దానికి మన పల్లెల్లోనే అనుభవం ఉంది. సి.హెచ్.హనుమంతరావు కమిటీ సూచనల మీద 1995 నుంచి వాటర్‌షెడ్ పథకాలు అమలైనప్పుడు, ఊరి మధ్య నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీయించేవారు. ఏ ఇల్లు ఎక్కడ, ఏ బావి ఎండింది, ఏ వాగు ఏ పొలాన్ని కోసేస్తోంది అన్నవి ఆకులు, రాళ్లు, గింజలు పెట్టి చూపేవారు. మైకు ముందు నోరు మెదపని ముసలమ్మ, "ఆ బావి అక్కడ కాదు, ఇక్కడ" అని వంగి రాయి జరిపేది. కాగితం కలం అక్కర్లేదు. చింతపిక్కలతో ఓటు వేయించవచ్చు.

రేపటిని ఊహించేది జ్ఞాపకమే

భవిష్యత్తు గురించి ఆలోచించడానికి ఇంకో చిక్కు ఉంది. 2007లో లండన్‌లో డెమిస్ హస్సాబిస్, ఎలియనోర్ మెగ్వైర్ మరికొందరు కలిసి, మెదడులో హిప్పోక్యాంపస్ దెబ్బతిని జ్ఞాపకశక్తి పోయిన అయిదుగురిని పరీక్షించారు. మీరు ఇసుక తీరంలో పడుకున్నట్టు ఊహించుకోండి, ఏం కనిపిస్తోంది చెప్పండి అని అడిగారు. అయిదుగురిలో నలుగురికి అది సరిగ్గా చేతకాలేదు. ఆకాశం, శబ్దం, రంగు అని ముక్కలు ముక్కలుగా చెప్పారు, అవి కలిసి ఒక చోటుగా కుదరలేదు. గడిచినదాన్ని తలుచుకునే యంత్రాంగమే రాబోయేదాన్ని ఊహించడానికీ పనిచేస్తుందని దాంతో తెలిసింది.

అంటే చూసిన ముక్కలతోనే మనిషి చూడని రేపటిని కట్టుకుంటాడు. తండా నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు మనిషిని తీసుకుపోయే ఆమె ఊహించే 2047లో నీళ్లు మొదట వస్తాయి. మామిడికాయ కోత కోసి, ధర లేక తోటలోనే పారబోసిన రైతు ఊహలో గుజ్జు ఫ్యాక్టరీ వస్తుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసి ఇంటికొచ్చిన కుర్రాడి ఊహలో వేరేది వస్తుంది. వీళ్లలో ఎవరినీ పిలవకుండా విజన్ రాస్తే, పిలిచినవాళ్లు చూసిన ముక్కలే అందులో ఉంటాయి. అన్ని వర్గాలను కూర్చోబెట్టాలన్నది న్యాయం కోసం మాత్రమే చెప్పే మాట కాదు, ఆ సభలో ఊహకు ముడిసరుకే అది.

జపాన్‌లో ఇవాతె ప్రిఫెక్చర్‌లోని యహాబా అనే చిన్న పట్టణంలో 2015లో ఆర్థికవేత్త తత్సుయోషి సైజో ఇంకో మెట్టు ఎక్కించి చూశారు. పట్టణవాసుల్లో సగం జట్లను ఇప్పటి మనుషులుగానే ఆలోచించమన్నారు. మిగతా సగం జట్లకు ఉత్సవాల్లో తొడుక్కునే హప్పి కోట్లు ఇచ్చి, మీరు 2060లో ఇక్కడ బతుకుతున్నవాళ్లు, అక్కణ్నుంచి ఇప్పటివాళ్లకు చెప్పండి అన్నారు. మొదటివాళ్లు ఇప్పటి సమస్యలను సరిచేసే మాటలు చెప్పారు. కోటు వేసుకున్నవాళ్లు ఎక్కువ దూరం ఆలోచించారు, కష్టమైన పనులను కూడా ముందు పెట్టారు. ఆ పట్టణంలో జనం, అధికారులు ఈ ఆలోచనకు అలవాటు పడ్డాక 2017లో నీటి ఛార్జీలను 6 శాతం పెంచుకున్నారు. పాత పైపులు మార్చే భారం పిల్లల నెత్తిన పడకూడదన్నది వాళ్ల లెక్క. ఛార్జీ పెంచమని జనమే అడిగే సభ ఎంత అరుదో పంచాయతీలో పనిచేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

అల్గోల్‌లో ఏడు రోజులు

ఇక మన నేల మీద జరిగినది. భవిష్యత్తును జనం చేతిలో పెట్టిన ప్రయత్నాల్లో తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవలసినది 'ప్రజాతీర్పు'.

1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సే సంస్థ సాయంతో విజన్-2020 పత్రం తయారు చేయించింది. వ్యవసాయం మీద ఆధారపడ్డ జనాన్ని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్నది అందులోని దారి. ఆ 30 శాతంలో ఉన్నవాళ్లను ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న లేచింది. 2001 జూన్ 25 నుంచి జులై 1 దాకా, మెదక్ జిల్లా అల్గోల్ గ్రామంలో, 'ప్రజాతీర్పు' పేరుతో 19 మంది జ్యూరీ కూర్చుంది. ఎక్కువమంది ఆడవాళ్లు, దళితులు, ఆదివాసులు, చిన్న సన్నకారు రైతులు. జీవవైవిధ్యం కోసం పనిచేసే ఆంధ్రప్రదేశ్ సంస్థల కూటమి, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని రెండు పరిశోధన సంస్థలు కలిసి దీన్ని నడిపాయి. అంతా సక్రమంగా జరుగుతోందో లేదో చూడటానికి సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి.సావంత్ అధ్యక్షతన ఒక పర్యవేక్షక బృందం కూర్చుంది.

సభ నడిపినవాళ్లు "మీకేం కావాలి?" అని ఖాళీ ప్రశ్న వేయలేదు. మూడు భవిష్యత్తులను వీడియోలుగా తీసి జ్యూరీ ముందు పెట్టారు. ఒకటి విజన్-2020 చెప్పే యంత్రాల, కంపెనీల సేద్యం. రెండోది విదేశాలకు ఎగుమతి చేసే సేంద్రియ పంటలు. మూడోది ఊరి తిండి ఊళ్లోనే పండించుకుని, అక్కడే అమ్ముకునే స్వావలంబన. తర్వాత సాక్షులు వచ్చారు, వాళ్లలో ప్రభుత్వం తరపువాళ్లు, విత్తన కంపెనీలవాళ్లు, శాస్త్రవేత్తలు, ఉద్యమకారులు ఉన్నారు. జ్యూరీ వాళ్లను నిలదీసి ప్రశ్నలు అడిగింది. మూడింటిలో ఒకటి ఎంచుకోవాలన్న నిర్బంధం లేదు. కావలసినవి తీసుకుని, వద్దన్నవి తీసేసి, తమ సొంత చిత్రం రాసుకునే వీలు ఉంది. వాళ్లు అదే చేశారు.

తీర్పులో వాళ్లు కోరినవి సారవంతమైన నేల, రకరకాల పంటలు, చెట్లు, పశువులు, తమ వనరుల మీద తమకే పెత్తనం. వద్దన్నవి భూములను కలిపేయడం, కాంట్రాక్టు సేద్యం, జన్యుమార్పిడి విత్తనాలు, పల్లెల్లో పనులు పోగొట్టే యంత్రాలు. వ్యవసాయం నుంచి జనాన్ని తగ్గించడాన్ని గట్టిగా కాదన్నారు.

తర్వాత పెద్ద వివాదమే నడిచింది. 19 మంది ఇంత రాష్ట్రానికి ప్రతినిధులెలా అవుతారని, నిర్వాహకులకు ముందే ఒక అభిప్రాయం ఉంది కదా అని విమర్శకులు అడిగారు. ఆ ప్రశ్నలను తీసిపారేయడానికి లేదు. ఏ మూడు భవిష్యత్తులను చూపాలో, ఏ సాక్షులను పిలవాలో నిర్ణయించినవాళ్ల చేయి ఎంతో కొంత తీర్పు మీద ఉంటుంది. కానీ అదే కొలత విజన్-2020కి పెడితే, అందులో సన్నకారు రైతుల చేయి అసలే లేదు. అల్గోల్‌లో సభ నడిపినవాళ్లు తాము ఎవరో, ఏం చూపించామో దాచుకోలేదు, కాబట్టే దానిమీద విమర్శ సాధ్యమైంది. ఒకటే భవిష్యత్తు ముందు పెట్టి "బాగుందా?" అని అడిగితే చప్పట్లు వస్తాయి, ఆలోచన రాదు. మూడు పెడితే పోల్చడం మొదలవుతుంది. అల్గోల్ నుంచి నేను నేర్చుకున్నది ఇది.

బావిలో ఎన్ని నీళ్లున్నాయో తెలిశాక

రెండో ఉదాహరణ నీటిది, తిరువూరు పరిసరాలకు మరీ దగ్గరిది. 2000ల మొదటి దశాబ్దంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో రైతులే భూగర్భజలాల లెక్క కట్టే పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్దతు దానికి ఉంది. ఊళ్లో ఒక రైతు వానమాపకంలో రోజూ ఎంత వాన పడిందో చూసి రాసేవాడు. ఇంకొందరు, వాళ్లలో ఆడవాళ్లు కూడా, పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన బోరుబావుల్లోకి టేపు దించి నీటిమట్టం కొలిచేవారు. ఆ అంకెలు ఊరి గోడ మీద రాసేవారు. రబీ ముందు అంతా కూర్చునేవారు. పడిన వాన ఇంత, భూమిలోకి ఇంకింది ఇంత, మనం వేయదలుచుకున్న పంటలకు కావలసింది ఇంత. వరి ఇన్ని ఎకరాలు వేస్తే లోటు ఇంత వస్తుంది.

ఎవరి మీదా ఆంక్ష పెట్టలేదు. వరి వేయొద్దని చెప్పలేదు. లెక్క చూసుకుని ఎవరి పంట వాళ్లు మార్చుకున్నారు. మూడేళ్లలో 42 శాతం ప్రాంతాల్లో రబీ నీటి వాడకం వరసగా తగ్గిందని ప్రపంచ బ్యాంకు 2010లో రాసింది. రెండేళ్ల తర్వాత అంతర్జాతీయ జల నిర్వహణ సంస్థ పరిశోధకులు వెళ్లి చూసి, ఫలితం చెప్పుకున్నంత పెద్దది కాదన్నారు. రైతులకు నీటి గురించిన అవగాహన పెరిగిన మాట మాత్రం వాళ్లూ కాదనలేదు. ఈ రెండు నివేదికలూ కలిపి చదవాలి. కొలిచే పని ఆగిపోతే కలిసి ఆలోచించడం కూడా నెమ్మదిగా ఆగిపోతుంది.

కొలత ఒక్కటే కాదు, ఆట కూడా పనిచేస్తుందని రూత్ మైన్‌జెన్-డిక్, రాహుల్ చతుర్వేది మరికొందరు ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో చూపించారు. అయిదుగురు రైతులు కూర్చుంటారు. ప్రతి దఫా ఒక్కొక్కరు తక్కువ నీటి పంటో ఎక్కువ నీటి పంటో ఎంచుకుంటారు. ఎక్కువ నీటి పంటకు లాభం ఎక్కువ. అందరూ దాన్నే ఎంచుకుంటే ఉమ్మడి నీటిమట్టం పడిపోయి ఆట ఆగిపోతుంది. మొదట మాట్లాడుకోకుండా ఆడతారు, తర్వాత మాట్లాడుకుని ఆడతారు. చివరికి ఊరివాళ్లంతా కూర్చుని ఆటలో ఏం జరిగిందో చర్చిస్తారు. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే, ఆట ఆడిన ఊళ్లలో నీటి రిజిస్టరు పెట్టుకోవడం, నీటికి నియమాలు పెట్టుకోవడం మిగతా ఊళ్లకంటే ఎక్కువగా కనిపించిందని వాళ్లు 2018లో రాశారు. రాబోయే ఇరవై ఏళ్లను ఒక గంటలో అనుభవించడానికి ఆటకంటే మంచి సాధనం నాకు కనపడదు.

ఒక మాట చెప్పి ముందుకు పోతాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాస్యత వాచకంలోని ఒక పాఠం చుట్టూ తమ సంగతి మాట్లాడుకున్నారు. ఆ మాటల్లోంచే సారా లేని ఊరు అన్న ఊహ పుట్టింది. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ ఊహను వాళ్లకు ఎవరూ అచ్చు వేసి ఇవ్వలేదు.

తిరువూరులో ఎలా చేయొచ్చు

తిరువూరు నియోజకవర్గంలో నాలుగు మండలాలు. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు. సభలు నడపగల మనుషులు ఇక్కడ కొత్తగా పుట్టక్కర్లేదు. ప్రతి ఊళ్లో డ్వాక్రా సంఘాలున్నాయి. నెలనెలా గుండ్రంగా కూర్చుని, పుస్తకాలు రాసి, ఎవరు ఎంత అప్పు తీసుకోవాలో పోట్లాడి ఒప్పుకునే ఆడవాళ్లు వాటిలో ఉన్నారు. మొహం చూసి మనసు తెలుసుకునే నేర్పు వాళ్లకు మైకు ముందు కూర్చునే ఎవరికంటే ఎక్కువ. చర్చ నడిపే బాధ్యత వాళ్లలో ఇద్దరికి ఇచ్చి, సర్పంచి, అధికారులు ఆ గంటసేపు జనంలో కూర్చోవాలి. అధికారులకు మాట్లాడే వంతు చివర్లో రావాలి. పెద్దమనిషి ముందు మాట్లాడితే మిగతావాళ్ల ఆలోచన అటే పోతుంది.

రెండు వందల మందిని ఒక్క మైకు చుట్టూ పెట్టకుండా, ఎనిమిదేసి మంది జట్లుగా చేయాలి. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, రాసేవాళ్లు చీటీ మీద రాస్తారు, రాయలేనివాళ్లు నేల మీద గీస్తారు లేదా పక్కనున్న హైస్కూలు పిల్లతో రాయించుకుంటారు. తర్వాత వరసగా ఒక్కొక్కరు ఒక్కొక్కటి. ప్రతి జట్టులో ఒకరికి 2047 నాటి మనిషి వేషం ఇవ్వాలి. పదో తరగతి పిల్లలకు ఆ వేషం సరిగ్గా సరిపోతుంది, 2047లో ఈ ఊళ్లో కుటుంబాలను మోసేది వాళ్లే కదా. సాగర్ కాలువ నీళ్లు రాని ఏడాదీ, వచ్చిన ఏడాదీ బోర్లలో మట్టం ఎంతో గోడ మీద అంకెల్లో ఉండాలి. భవిష్యత్తులు కనీసం రెండు మూడు ముందు పెట్టాలి. మామిడి గుజ్జు పరిశ్రమల తిరువూరు, తక్కువ నీటి పంటల తిరువూరు, బయట ఉద్యోగాల మీద బతికే తిరువూరు. వాటిలో ఏదీ నచ్చకపోతే నాలుగోది రాసుకునే హక్కు ఉండాలి. చివర్లో చేతులెత్తించకుండా గింజలతో రహస్యంగా ఓటు వేయించాలి.

వచ్చిన కాగితాలు ఎక్కడికి పోతాయో ఆ రోజే చెప్పాలి. ఏ ఆలోచన ప్రణాళికలోకి వెళ్లింది, ఏది ఎందుకు వెళ్లలేదు అన్నది తర్వాతి సభలో చదివి వినిపించాలి. ఇది లేకపోతే రెండోసారి జనం రారు, రాకపోవడం వాళ్ల తప్పు కాదు.

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల ప్రచారం దేశమంతా మొదలవుతోంది. మీ ఊరి సభ నోటీసు వచ్చిన రోజున కార్యదర్శి దగ్గరికి వెళ్లి ఒక్క కోరిక కోరండి. మైకు ఎవరి చేతికీ ఇవ్వకముందు పది నిమిషాలు నిశ్శబ్దం, మనిషికో చీటీ, పెన్సిల్. దీనికి జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు.